నవ్వుల సినిమాలో అవ్వ ఏడుపు

భూపాలపల్లి థియేటర్లో ఇంటర్వెల్ లైట్లు వెలిగేసరికి గట్టమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. పోయిన వారం ఆమెను మనం విడిచివచ్చింది అక్కడే. బాల్కనీ మొదటి వరుసలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

ఆమె అట్లా నవ్వి మూడేళ్ళయింది. పెద్దకొడుకు యుగేందర్ మహదేవపూర్ రోడ్డు మీద ఇసుక లారీ కింద పడి పోయిన నాటినుంచి కాటారం పక్క పల్లెలో గట్టమ్మ పండగ చేసింది లేదు, ఒకరింట పెళ్ళికి పోయి అక్షింతలు వేసింది లేదు. ఆ యుగేందర్ మొదలుపెట్టిందే ‘బాయిగడ్డ బ్యాచ్’ అనే పాటల జట్టు. అన్న పోయాక చిన్నవాడు వీరేందర్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దోస్తు శ్రీపాల్, గార్ల ఊరి అమ్మాయి యమున, తనూ ముగ్గురూ కలిసి బొగ్గుబాయి దుమ్ము గురించీ, సీటు దొరకని బస్సుల గురించీ, తమ మాటను వెక్కిరించిన వాళ్ళ గురించీ ఊపిరాడకుండా ర్యాప్ పాటలు దంచితే, ఊరూవాడా ఫోన్లలో పెట్టుకుని ఆడింది. ఇప్పుడు ఆ ముగ్గురినే హీరోలుగా పెట్టి ఒక నవ్వుల సినిమా తీశారు. పేరు ‘పుంజు కేసు’. పెళ్ళిలో పాడడానికి ఒక ఊరికి పోయిన ముగ్గురు పాటగాళ్ళ మీద సర్పంచ్ గారి కోడిపుంజును చంపారన్న నింద పడుతుంది. అదీ కథ.

ఆ శుక్రవారం పొద్దుటి ఆటే మొదటి ఆట. కొడుకు బతిమాలితే వచ్చింది గట్టమ్మ. వచ్చేముందు యుగేందర్ ఫొటో ముందు ఒక నిమిషం నిలబడింది. మొదటి సగంలో వీరేందర్ బురదమడిలో వెల్లకిలా పడి, మీద ఎక్కిన బాతును దించలేక గిలగిల కొట్టుకునే సీను చూసి, ఎన్నడూ లేనిది గొంతెత్తి నవ్వింది. నవ్విన వెంటనే తప్పు చేసినదానిలా అటూ ఇటూ చూసింది. ఎవరూ ఆమె వైపు చూడడం లేదు. హాలంతా నవ్వుతోంది.

“నీ కొడుకేనా వదినా గా బురదల పడ్డోడు?” అని పక్కసీటులో ఉన్న మహదేవపూర్ ఆమె అడిగింది. 

“ఔ, నా చిన్నోడే,” అంది గట్టమ్మ. చిన్నోడు అన్నాక పెద్దోడి గురించి అడుగుతుందేమోనని ఒక్క క్షణం భయపడింది. ఆమె అడగలేదు. చేతిలో ఉన్న పల్లీల పొట్లం ఇటు జరిపింది.

రెండోపక్క సీటులో యమున ఉంది. వీరేందర్, శ్రీపాల్ కింద తలుపు దగ్గర డైరెక్టర్ రాజీవ్‌తో నిలబడి జనం ఎట్లా చూస్తున్నారో గమనిస్తున్నారు. రాజీవ్‌ది జనగామ. అక్కడ పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటి పిల్లవాడు. అవన్నీ వదిలి పదేళ్ళు హైదరాబాదులో తిరిగి తిరిగి ఈ మొదటి సినిమా తీశాడు. ముగ్గురు పాటగాళ్ళూ ఆఖరి కూర్పు చూడలేదు. రాత్రింబవళ్ళు పనిచేసి బుధవారం నాడు పూర్తిచేశారని యమునే గట్టమ్మకు చెప్పింది.

లైట్లు ఆరాయి. రెండో సగం మొదలయింది.

ఆ సినిమాలో సర్పంచ్ భార్యకు పిల్లలు లేరు. కోడిపుంజుకే పసుపుపచ్చ అంగీ కుట్టించి, తొడిగి, చంకన వేసుకుని తిరుగుతుంది. మొదటి సగమంతా ఆ అంగీ వేసుకున్న కోడిని చూసి జనం నవ్వుతూనే ఉన్నారు. ఇంటర్వెల్ తర్వాత ఆ కోడి చచ్చిపోయింది. సర్పంచ్ భార్య వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, కోడిని ఒళ్ళో వేసుకుని, నోరు తెరిచింది.

“కొడుకా… ఓ కొడుకా…”

గట్టమ్మకు మొదట ఏమీ అనిపించలేదు. పాపం ఎవరో మంచిగానే ఏడుస్తోంది, మన దిక్కు ఆమెనే అయి ఉంటుంది అనుకుంది. తన గొంతు తనకు బయటినుంచి వినిపిస్తే ఎవరు గుర్తుపడతారు?

“అంగీ గుండీ ఊడిందంటివి కొడుకా… సూదిల దారమెక్కించి కూసుంటి కొడుకా… అంగీ ఇడిసి ఇయ్యకముందే పోతివా కొడుకా…”

తెర మీద కోడి అంగీ దగ్గరగా కనిపించింది. మూడు గుండీల్లో నడుమ ఒకటి లేదు.

హాలు పగిలిపోయినట్టు నవ్వింది. కింద ముందువరుసల్లో కుర్రాళ్ళు కుర్చీలెక్కారు. ఈలలు మోగాయి. మహదేవపూర్ ఆమె పల్లీల పొట్లం జారవిడిచి తొడలు చరుచుకుంటూ, “అమ్మో నా కడుపు! కోడికి అంగీనట, అంగీకి గుండీనట!” అని గట్టమ్మ భుజం మీద వాలిపోయింది.

గట్టమ్మ కదలలేదు. ఎక్కడో విన్న మాటలవి. ఎక్కడ విన్నానని వెతుక్కుంటోంది.

“మల్ల ఎయ్యి! మల్ల ఎయ్యి!” అని కిందినుంచి అరుపులు లేచాయి. సినిమావాళ్ళు వచ్చిన మొదటి ఆట కదా, ఆపరేటర్ కూడా హుషారుగా ఉన్నాడు. బొమ్మ ఆగింది. వెనక్కి పోయింది. సర్పంచ్ భార్య మళ్ళీ కాళ్ళు చాపుకుని కూర్చుంది. మళ్ళీ నోరు తెరిచింది.

ఈసారి గట్టమ్మ తెర చూడలేదు. కళ్ళు మూసుకుని విన్నది.

ఆ గొంతు వెనక, దూరంగా, సన్నగా ఇంకో గొంతు ఉంది. “ఊకో అక్కా… ఊకో…” అంటోంది. అది తోటికోడలు అంజమ్మ గొంతు. ఆ రోజు వెనకనుంచి తనను పట్టుకుని కూర్చున్నది అంజమ్మే. ‘ఓ కొడుకా’ అన్న తర్వాత రావలసిన పేరు రాలేదు. ఆ చోట కోడికూత పెట్టారు. సరిగ్గా ‘యుగేందరా’ అని తను గుండె చీల్చుకుని పిలిచిన చోట, కొక్కొరోకో అని కోడి కూసింది. ఆ కూతకు హాలు ఇంకోసారి విరగబడి నవ్వింది.

గట్టమ్మ లేచి నిలబడింది.

“ఏమైందవ్వా?” అని యమున చెయ్యి పట్టుకుంది.

“గది నేనే.”

“ఏది?”

“గా ఏడుపు. నాదే బిడ్డా. మా పెద్దోణ్ణి వాకిట్ల పండవెట్టిననాడు ఏడ్సింది.”

యమున చెయ్యి వదిలేసింది. యుగేందర్ చచ్చిపోయిన నాడు ఆమె గార్లలోనే ఉంది, చావుకు రాలేకపోయింది. ఆ ఏడుపు ఆమె ఎన్నడూ వినలేదు. జట్టు పోగుచేసిన చప్పుళ్ళలో ‘అవ్వ’ అని ఒకటుందని మాత్రం తెలుసు. అది ఎవరిదో అడగాలని తోచలేదు.

గట్టమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. సగం దిగేసరికి కిందినుంచి వీరేందర్ అరుపు వినిపించింది.

పోస్టర్ల గోడకు రాజీవ్‌ను ఆనించి, అంగీ కాలరు పట్టుకుని ఉన్నాడు వీరేందర్. శ్రీపాల్ వెనకనుంచి లాగుతున్నాడు.

“మా అన్న సావు నీకు కామెడీ అయిందారా? మా అవ్వ లోపల కూసున్నది! లోపల కూసోని ఇంటున్నది!”

రాజీవ్‌కు ఏమీ అర్థం కాలేదు. “మీ అన్న సావేంది? ఏం మాట్లాడుతున్నవ్ వీరేందర్?”

“గా ఏడుపు! కోడికి పెట్టినవ్ గదా, గా ఏడుపు!”

“గా ఫైలు నువ్వే ఇచ్చినవ్. మీ సప్పుళ్ళన్ని ఉన్న హార్డ్‌డిస్కు పెట్టె నువ్వే తెచ్చి నా చేతుల పెట్టినవ్. గా గొంతు ఇన్నప్పుడు ఎవరిదని అడిగిన. ఒక్కసారి గాదు, రెండుసార్లు అడిగిన. ‘ఊళ్ళె ఎవరో ముసలామె, ఎవరు సచ్చినా గట్లనే ఏడుస్తది, ఏం గాదు వాడుకో’ అన్నవ్. శ్రీపాల్ సుత ఉన్నడు ఆడ. అన్నవా లేదా?”

శ్రీపాల్ లాగడం మానేశాడు. తల వంచుకున్నాడు.

వీరేందర్ చేతులు కాలరు మీదినుంచి జారాయి. అప్పుడే ఆఖరి మెట్టు మీద నిలబడి ఉన్న తల్లిని చూశాడు. ఎంతసేపటినుంచి ఉందో, ఎంత విన్నదో వాడికి తెలియలేదు. ఆమె మొహం చూస్తే అంతా విన్నదని అర్థమయింది.

“ఎవరో ముసలామెనా?” అంది గట్టమ్మ.

“అవ్వా…”

“ఎవరు సచ్చినా గట్లనే ఏడుస్తదా?”

“అవ్వా, జర నా మాట ఇను…”

“ఎప్పుడు పట్టినవ్ రా గది? నీ ఫోన్ల ఎప్పుడు పట్టినవ్?”

వీరేందర్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. సినిమాలో బురదలో పడి అందరినీ నవ్వించినవాడు, ముప్ఫై ఏళ్ళు కూడా నిండనివాడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని నేల వైపు చూస్తూ చెప్పాడు.

“అన్నను పండవెట్టినప్పుడు కాళ్ళకాడ నిలబడ్డ. అందరు ఏడుస్తుండ్రు. నాకు ఏడుపు రాలేదవ్వా. ఎంత తన్నుకున్నా రాలేదు. ఏం మనిషినిరా నేను అని నాకే భయమైంది. అన్న ఎప్పుడు అనేటోడు గదా, ఏ సప్పుడు ఇడువద్దు, పట్టుకో, అందులనే పాట ఉంటదని. ఫోను అంగీ జేబుల ఉన్నది. ఒత్తిన. నువ్వు ఏడ్సేది దాసుకుంటె, తర్వాతనన్న ఇని ఏడుస్తననుకున్న. గంతే. ఒట్టు అవ్వా, గంతే.”

“ఇన్నవా?”

“ఏడాది దినాలు ఇన్న. దినాం ఇన్న.”

“మరి ఇయ్యాల కోడికి ఎట్ల ఇచ్చినవ్?”

లోపల హాల్లో మళ్ళీ నవ్వులు. ఇంకేదో సీను నడుస్తోంది.

“పెట్టె మొత్తం ఇచ్చిన. అందుల అది కూడ పోయింది. వాళ్ళు పది మంది కూసోని ఇంటుండ్రు. ఏం గొంతురా, ఏం గొంతురా అని మెచ్చుకుంటుండ్రు. ఎవరిదన్నరు. మా అవ్వదని చెప్తే అన్న సావు చెప్పాలె. చెప్తే అందరు అయ్యో అని సప్పుడు జేయకుంట కూసుంటరు. నవ్వుల సినిమాకు సావు ముచ్చటెందుకు, మనల్ని వద్దంటరేమో అని భయపడ్డ. నోట్లెకెల్లి ఎవరో ముసలామె అని ఒచ్చింది. యాడనో ఎనక సన్నగ పెడ్తడు, ఎవరికీ ఇనరాదనుకున్న. గిట్ల జేస్తడని అనుకోలే.”

రాజీవ్ గోడ దగ్గరినుంచి ముందుకు వచ్చాడు. కాలరు చిరిగింది. దాన్ని సర్దుకోవడం కూడా మరిచిపోయాడు. “అమ్మా, నాకు తెల్వదు. తెలిస్తే ముట్టకపోదును. మా నాయినమ్మ పోయినప్పుడు మా ఇంట్ల ఆడోళ్ళు గట్లనే ఏడ్సిండ్రు. గది నాకు తెలుసు. తెలిసి కూడా…” అని ఆగి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. “ముందు కథల కోడికి అంగీ లేకుండె. మీ మాట ఇన్నంకనే రాసిన. అంగీ గుండీ అన్నరు గదా. గది ఇని, కోడికి అంగీ తొడిగితే నవ్వొస్తదని రాసిన.”

యమున రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“అంటే నా కొడుకు అంగీని కోడికి తొడిగినవ్,” అంది గట్టమ్మ. ఆ మాటలో కోపం లేదు. తనకు తాను అర్థం చేసుకుంటున్నట్టు అంది. “నువ్వు అడిగినవు బిడ్డా. తెల్వక చేసినవ్.” తర్వాత వీరేందర్ వైపు తిరిగింది. “నీకు తెలుసు.”

“సీను తీసేయిస్తనమ్మా,” అన్నాడు రాజీవ్. “ఇయ్యాలనే మాట్లాడుత. రెండు మూడు దినాలు పడ్తది. కని ఫోన్లల్ల ఇప్పటికే…” ఆ మాట పూర్తిచేయలేకపోయాడు.

పూర్తిచేయనక్కరలేకపోయింది. కొంతసేపటికి ఆట విడిచారు. తలుపులు తెరుచుకుని జనం బిలబిలమంటూ బయటికి వచ్చారు. సంతోషంగా, ఎండకు కళ్ళు చిట్లిస్తూ, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని వచ్చారు. వాళ్ళలో ఒకడు చేయి చెవికి ఆనించుకుని రాగం తీశాడు. “అంగీ గుండీ ఊడిందంటివి కొడుకా…” పదిమంది అందుకున్నారు. “ఓ కొడుకా!” ఇంకొకడు కోడిలా కూశాడు. మెట్ల మీద కూర్చున్న వీరేందర్‌ను గుర్తుపట్టి, “అన్నా! సెల్ఫీ అన్నా!” అంటూ చుట్టూ మూగారు.

పల్లీలు పంచుకున్న మహదేవపూర్ ఆమె కూడా వాళ్ళ వెనకే వచ్చింది. గట్టమ్మను చూసి ఆగింది. “నడుమల్నే లేసిపోయినవేంది వదినా? గంత మంచి సినిమా. కడుపు నొయ్యంగ నవ్విన. మా ఆయిన పోయినంక గింత నవ్వుడు ఇదే.”

గట్టమ్మ ఆమె వైపు చూసింది. మంచి మనిషి. ఆమెకు ఏం చెప్పాలి? “నువ్వు నవ్వినవ్ గదా, మంచిదే వదినా,” అంది.

జనం పల్చబడ్డాక వీరేందర్ లేచి తల్లి ముందుకు వచ్చాడు. “కొట్టవ్వా. ఒక్కసారి కొట్టు.”

“కొట్టే యీడు దాటినవ్. రేపు మానుకోటల ఆట ఉన్నదన్నవ్ గదా. పో. నీ కోసం చూస్తరు.”

“నువ్వు ఎట్ల పోతవ్?”

“వచ్చినట్లనే పోత.”

కాటారం బస్సు ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. వెనక సీటులో ఎవరి ఫోన్లోనో తన గొంతు నాలుగుసార్లు ఏడ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

శనివారం తెల్లవారి ఊళ్ళో భిక్షపతి చచ్చిపోయాడు. డెబ్బై దాటినవాడు, ఏడాదిగా మంచంలో ఉన్నవాడు. గట్టమ్మకు వరసకు బావ. ఆమె భర్త సమ్మయ్య పోయినప్పుడు ముందుండి అన్నీ నడిపించింది ఆ భిక్షపతే. అంజమ్మ వచ్చి పిలిచింది. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చావు జరిగినా గట్టమ్మ రావాలి. ఆమె శవం పక్కన కూర్చుని మొదలుపెడితేనే మిగతా ఆడవాళ్ళకు ఏడుపు కట్టలు తెంచుకునేది. పోయినవాడు ఏం తిన్నాడో, ఏం మాట్లాడాడో, ఎవరికి ఏం మేలు చేశాడో అన్నీ ఆ రాగంలోనే చెప్పేది. అది ఎవరూ నేర్పింది కాదు. ఆమె తల్లికి ఉండేది, ఆమెకు వచ్చింది.

“అక్కా, నీకు పానం మంచిగ లేకపోతే రాకు,” అని దారిలో అంజమ్మ మెల్లగా అంది. “నిన్న మా పక్కింటోళ్ళ ఫోన్ల ఇన్న. గది నీ గొంతే గదా. నా గొంతు సుత ఉన్నది అందుల.”

గట్టమ్మ అవునని తల ఊపింది. “బావకు ఏడ్వకుంటే ఎట్ల?” అంది.

వాకిట్లో భిక్షపతిని పండబెట్టారు. కూతురు శోభారాణి తండ్రి తల దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. గట్టమ్మ పోయి ఆమె పక్కన కూర్చుంది. భిక్షపతి చేతి మీద చేయి వేసింది. ఆ చేయి తన భర్త పాడె మోసిన చేయి. నోరు తెరిచింది.

“ఓ బావా… నా బావా…”

ఆ రెండు మాటలకే పందిరి కింద ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన వాళ్ళకే సిగ్గయింది. ఆపుకోబోయారు. ఆపుకునేకొద్దీ ముక్కులోనుంచి వచ్చింది. అది చూసి పక్కవాళ్ళకు వచ్చింది. కాలేజీ పిల్లలు మొహాలు తిప్పుకుని గోడ వెనక్కి పరుగెత్తారు. గట్టమ్మ ఇంకో మాట అనబోయింది. ఈసారి పెద్దవాళ్ళు కూడా తలలు దించుకున్నారు. వాళ్ళ భుజాలు కదులుతున్నాయి.

శోభారాణి మెల్లగా గట్టమ్మ మోచేయి పట్టుకుంది. “చిన్నమ్మా, జర ఊకో,” అంది. “మా నాయిన కాడ నవ్వుతుండ్రు.”

గట్టమ్మ నోరు మూసుకుంది.

భిక్షపతిని ఆ రోజు ఏడుపు లేకుండానే తీసుకుపోయారు. డప్పులు మాత్రం మోగాయి. ఇంటికి వచ్చి, స్నానం చేసి, తడి చీరతోనే గట్టమ్మ దండెం కింద నిలబడిపోయింది. యుగేందర్ పోయినప్పుడు కొడుకు పోయాడు. నిన్న ఆ ఏడుపు పోయింది. ఇకమీదట ఈ ఊళ్ళో తన నోట ఏడుపు వస్తే అది నవ్వే. రేపు తను పోయినా, తెలిసిన ఆ రాగంలో ఎవరూ ఏడవలేరు.

పొద్దు గూకుతుండగా యమున ఫోన్ చేసింది.

“అవ్వా, వీరన్న అక్కడికి వచ్చిండా?”

“రాలే. మానుకోటల ఉన్నడు గదా మీతోని?”

అవతల యమున ఏడుస్తోంది. “మధ్యాహ్నం ఆటల స్టేజి ఎక్కినం. మా గార్లోళ్ళందరు వచ్చిండ్రు. హాలు నిండింది. ‘అన్నా, అంగీ గుండీ డైలాగు చెప్పు, అంగీ గుండీ!’ అని ఒకటే లొల్లి. వీరన్న మైకు తీసుకున్నడు. ‘గది మా అవ్వ ఏడుపు, మా అన్న సచ్చిననాడు ఏడ్సింది, నేను దొంగతనంగ పట్టి వీళ్ళకిచ్చిన, మీరు నవ్వకుండ్రి’ అన్నడు.”

“ఏమన్నరు?”

“నవ్విండ్రవ్వా.”

గట్టమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“వీరన్న ఏం మాట్లాడినా నవ్వేటట్లే ఉన్నరు. డైలాగనుకున్నరు. నిజమే చెప్తున్న అంటే ఇంకింత నవ్విండ్రు. ఏడుస్తుంటే సుత నవ్విండ్రు. మస్తు యాక్టింగ్ అని చప్పట్లు కొట్టిండ్రు. వీరన్న మైకు కింద పెట్టి పక్కతలుపు నుంచి ఎల్లిపోయిండు. ఫోను బందు ఉన్నది. స్టేషను కాడ, బస్టాండు కాడ, శ్రీపాల్ అన్ని తిరిగిండు. దొరుకుతలేడు. రాజీవన్న పరేషాన్ అయితుండు.”

గట్టమ్మకు నిన్న థియేటర్ ముందు తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. కొట్టమని వాడు అడిగినప్పుడు కొట్టినా బాగుండేది. పొమ్మంది. వాడు పోయాడు.

“రేపు ఏడ ఉన్నది ఆట?” అని అడిగింది.

“జనగామల. రాజీవన్న ఊళ్ళె. సీను ఇంక తియ్యలే, సోమారం దాక అయితదట. నువ్వెందుకవ్వా…”

“నేనొస్త.”

ఆదివారం పొద్దున మొదటి బస్సు ఎక్కి, భూపాలపల్లిలో ఒకటి, హనుమకొండలో ఒకటి మారి, మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళకు గట్టమ్మ జనగామ చేరింది. యమున గేటు దగ్గర నిలబడి ఉంది. వీరేందర్ జాడ తెలియలేదని మొహమే చెప్పింది. లోపల రాజీవ్ తండ్రి గోవర్ధన్, బంధువులు, ఊరి పెద్దలు ముందు సోఫాల్లో కూర్చుని ఉన్నారు. కొడుకు మొదటి సినిమా చూడడానికి తెల్లబట్టలు కట్టుకుని వచ్చాడు గోవర్ధన్.

గట్టమ్మ గోడవారగా కిందివరుసలో కూర్చుంది. మొదటి సగం అయిపోయింది. ఇంటర్వెల్ అయింది. కోడి చచ్చిపోయింది. సర్పంచ్ భార్య వాకిట్లో కాళ్ళు చాపుకోవడంతోనే హాలు ముందుగానే నవ్వడం మొదలుపెట్టింది. ఏం రాబోతోందో అందరికీ తెలుసు. అందరూ నోళ్ళు తెరిచి సిద్ధంగా ఉన్నారు.

గట్టమ్మ లేచింది. తెర ముందున్న నాలుగు మెట్లు ఎక్కి, స్టేజి నడుమకు పోయి, జనం వైపు తిరిగి నిలబడింది. ప్రొజెక్టర్ వెలుతురు ఆమె మీద పడింది. ఆమె నీడ తెర మీద లేచి కోడినీ, పసుపుపచ్చ అంగీనీ, సర్పంచ్ భార్యనూ కప్పేసింది.

“ఏయ్ అవ్వా, దిగు!” “ఎవరామె? దించుండ్రి!” అని అరిచారు. 

గట్టమ్మ నోరు తెరవలేదు. ఆమె తల వెనకనుంచి, స్పీకర్లలోంచి, ఆమె గొంతు మొదలయింది. కొడుకా, ఓ కొడుకా. హాలు అందుకుంది. అందుకున్న వాళ్ళు ఆమె మొహం చూస్తున్నారు. మూసిన నోరు. బుగ్గల మీదికి ధారగా దిగుతున్న నీళ్ళు. ‘కొడుకా’ అన్న మాట రెండోసారి వచ్చేసరికి ముందువరుసలో పాడుతున్న వాళ్ళ గొంతులు సన్నబడ్డాయి. సోఫాలో గోవర్ధన్ నవ్వు ఆపి, ముందుకు వంగి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు. వెనక వరుసలు ఇంకా నవ్వుతున్నాయి. ముందు వరుసలు నవ్వడం లేదు. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

వెలుతురు నేరుగా కళ్ళలో కొడుతుంటే గట్టమ్మకు హాల్లో ఎవరూ కనిపించడం లేదు. పక్కమెట్ల మీద ఎవరో దబదబ ఎక్కి వస్తున్న అడుగులు మాత్రం వినిపించాయి. తనను దించడానికే వస్తున్నారనుకుని రెండు కాళ్ళూ గట్టిగా నిలదొక్కుకుంది. ఆ అడుగులు ఆమె పక్కదాకా వచ్చి ఆగాయి. ఎవరిదో చల్లటి చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. కిందికి లాగలేదు. తెర మీద ఆమె నీడ పక్కన ఇంకో నీడ లేచింది.